ఉత్త నీళ్లు

దేవుడి మీద పోసిన నీళ్లు మారతాయా, మారవా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది.

ఎవరితోనూ అనలేదు. మా నాన్న కాశీ నుంచి తెచ్చిన వేలెడంత శివలింగం మా ఇంట్లో ఉంది. ఉదయం స్నానం చేసి, నూతి నీళ్లు తోడి ఆ లింగం మీద పోసి, పళ్లెంలోకి జారిన నీళ్లను ఇంట్లో అందరికీ ఉద్ధరిణెతో ఇవ్వడం నా అలవాటు. ఈ తీర్థం అకాలమరణాన్ని ఆపుతుందని, సమస్త రోగాలనూ పోగొడుతుందని ఇస్తూ చెప్పుకుంటాం. నేను ఎనిమిదో తరగతి దాకానే చదివాను. పిండిమర నడుపుకుంటూ బతికినవాణ్ణి. పెద్ద సంగతులు నాకు తెలియవు. కానీ మా నూతి నీళ్లు రంగు మారడం మొదలైన దగ్గర్నుంచి, చెంబు ఎత్తినప్పుడల్లా ఒక ప్రశ్న నా చేతికి అడ్డం పడేది. పోసేటప్పుడు ఇవి చెడ్డ నీళ్లయితే, పళ్లెంలోకి దిగేసరికి మంచివైపోతాయా?

మాది కొండ కింద గెడ్డవానిపాలెం. ఆ కొండ మీద ఒకప్పుడు రాతి క్వారీ ఉండేది. రాయి అయిపోయాక పెద్ద గొయ్యి మిగిలింది. అందులో పట్నం చెత్త పొయ్యడం మొదలుపెట్టారు. గొయ్యి నిండింది. గుట్ట అయింది. ఇప్పుడు మా వీధిలోంచి చూస్తే కొండకంటే గుట్టే ముందు కనిపిస్తుంది. వాన పడితే చెత్తలోంచి నల్లటి ఊట దిగేది. పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు, మందుల సీసాలు, కుళ్లిన కూరగాయలు అన్నీ కలిసి నానిన కషాయం అది. ఊరి పక్క వాగును మేం గెడ్డ అంటాం. అందులోకి వచ్చిన ఊట అందరికీ కనిపించేది. రాళ్ల పగుళ్లలోంచి నేల కిందికి దిగిన ఊట ఎవరికీ కనిపించేది కాదు.

మేం ఇల్లు కట్టుకున్న రోజుల్లో ఈ గుట్ట లేదు. గృహప్రవేశం నాటికి మా నుయ్యి ఇంకా ఊరలేదు. పక్కింటి అచ్చియ్యమ్మ పిన్ని తన నూతిలోంచి ఒక ఇత్తడి బిందెడు నీళ్లు తోడి తెచ్చి మా గడప లోపల పెట్టింది. మా పాలెంలో ఒక పద్ధతి ఉంది. కొత్త ఇంటికి పక్కవాళ్లు ఇచ్చిన తొలి బిందె ఊరికే ఉంచుకోకూడదు. మన నుయ్యి ఊరాక బిందెడు మంచినీళ్లు తిరిగి వాళ్ల గడపలో పెట్టాలి. మా నుయ్యి ఊరేనాటికి పిన్ని తన కూతురి పురిటికి వెళ్లి ఉంది. తిరిగి వచ్చాక నేను బిందె ఎత్తుకుని వెళితే గుమ్మంలోనే ఆపేసింది.

"ఇప్పుడేటి తొందర్రా సన్నాసీ! నీళ్లే కదా, నీ నూతిలోనే ఉండనీ. నా కాళ్లు పడిపోయి తోడుకోలేని నాడు తెచ్చిద్దువు గాని."

నా పేరు సన్యాసయ్య. ఆవిడ నోట్లో అది ఎప్పుడూ సన్నాసే.

ఆవిడ మోకాళ్లు అరిగిపోయే నాటికి మా నూతిలో ఇవ్వదగ్గ నీళ్లు లేకుండా పోయాయి.

*

మా అబ్బాయి చిన్నారావు వెల్డింగు పని చేస్తాడు. కోడలు హైమకు తొలి కడుపు మూడో నెలలో పోయింది. మా వీధిలో అదొక్కటే కాదు. రెండు ఇళ్ల అవతల పెదవి చీలిన పిల్ల పుట్టింది. ఇంకొకరింట్లో పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోయింది. అందరం వెళ్లి మున్సిపాలిటీ గేటు ముందు కూర్చున్నాం. నీళ్ల సంగతి తేలేదాకా ట్యాంకర్ పంపుతామన్నారు. పంపారు కూడా. మేం తాగడానికీ వండడానికీ ట్యాంకర్ నీళ్లే వాడేవాళ్లం. దేవుడికి మాత్రం నేను నూతి నీళ్లే పోసేవాణ్ణి. రబ్బరు గొట్టంలోంచి వచ్చిన నీళ్లు ఆయన మీద పొయ్యడానికి మనసొప్పేది కాదు.

నీళ్ల సంగతి తేల్చడానికి వచ్చింది డాక్టర్ ఇందుమతి. మందులిచ్చే డాక్టరు కాదు, మొక్కల పరిశోధన చేసే డాక్టరు. పాత స్కూటర్ మీద, కాళ్ల దగ్గర పెద్ద అట్టపెట్టె పెట్టుకుని వచ్చింది. మా అరుగు మీద కూర్చుని పెట్టెలోంచి రెండు మట్టి మూకుళ్లు తీసింది. రెండింట్లోనూ మొలకెత్తిన పెసలు ఉన్నాయి. ఒక మూకుట్లో వేళ్లు తెల్లగా ఉన్నాయి. రెండో మూకుట్లో వేళ్ల నిండా సన్నటి ఎర్ర చారలు.

"ఓలమ్మ! కుంకంలో ముంచిన దారాల్లా ఉన్నాయే," అంది అచ్చియ్యమ్మ పిన్ని.

"దారాలేనండి," అంది ఇందుమతి. "మన ఒంట్లోనూ, ఈ గింజలోనూ, ప్రతి కణంలోనూ ఒక సన్నటి దారం ఉంటుంది. ముక్కు ఎలా ఉండాలి, గుండె ఎలా కొట్టుకోవాలి, అన్నీ దాని మీదే రాసి ఉంటాయి. నీళ్లలో విషం ఉంటే ఆ దారం తెగుతుంది. ఒళ్లు మళ్లీ ముడేసుకుంటుంది. ఒక్కోసారి ముడి తప్పుగా పడుతుంది. తప్పు ముడి పడిన చోట ఎర్రబడేలా ఈ పెసల్ని నేను మార్చాను. ఈ తెల్లవాటికి శుద్ధమైన నీళ్లు పోశాను. ఎర్రవాటికి మీ గుట్ట కింది ఊట."

"మరి మా నూతి నీళ్లు పోస్తే?" అని హైమ అడిగింది. అప్పటిదాకా గుమ్మం వెనకే నిలబడి ఉంది.

"అది మీ ఇంట్లోనే, మీ చేతులతోనే చూద్దామమ్మా. ఇంటికో మూకుడు ఇస్తాను. రోజూ మీ నూతి నీళ్లు చల్లండి. వారంలో వస్తాను."

వీధిలో ఆడవాళ్లందరూ ఆ మూకుళ్లను రెండు చేతులతో అందుకున్నారు. ఇళ్లలో పెట్టుకునేవి కదా, ప్లాస్టిక్ డబ్బాలైతే బాగుండదని ఆ అమ్మాయి కుమ్మరి దగ్గరికి వెళ్లి మరీ చేయించిందట. ఆ సంగతి విని మాకు ముచ్చటేసింది.

వారం తర్వాత మున్సిపాలిటీ అధికారితో కలిసి వచ్చి ఇల్లిల్లూ చూసింది. ఏ ఇంట్లోనూ ఎర్ర చార లేదు. మల్లెమొగ్గల్లా తెల్లటి వేళ్లు. వీధంతా సంబరపడింది. ఇందుమతి ఒక్కతే మూకుడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇవే నీళ్లు ల్యాబులో పోస్తే ఎర్రబడ్డాయి సార్," అంది.

"మీ సీసాలు సరిగ్గా కడగలేదేమో మేడమ్," అన్నాడు అధికారి. "జనం కళ్ల ముందు మొలిచినవి ఇవి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

ఆ వారమే ట్యాంకర్ ఆగిపోయింది. మేం నూతి నీళ్లకు వెళ్లిపోయాం. ఆ ఏడాది చివర్లో హైమకు రెండో కడుపు కూడా పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఉదయం నేను తీర్థం ఇస్తే చెయ్యి చాపింది గానీ, తాగకుండా కాసేపు ఆ నీళ్లకేసి చూసింది. తర్వాత తాగేసింది.

*

ఇందుమతి మళ్లీ మా గుమ్మంలోకి వచ్చేసరికి హైమకు మూడోసారి నెల తప్పి కొంత కాలమైంది. ఈసారి ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనడం లేదు. పైకి అంటే పోతుందని మా గౌరమ్మ భయం. గౌరమ్మ నా ఇల్లాలు.

ఆ అమ్మాయి బాగా చిక్కిపోయింది. ఆమె పెసలు పనికిరావని పై వాళ్లు తేల్చేశారట. పరిశోధనకు ఇచ్చే డబ్బు కూడా ఆపేస్తున్నారట. ఆ మాటలు ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. ఎండలో నడిచి వచ్చిన మనిషి ఎండ గురించి చెప్పినట్టు చెప్పింది.

"ఒక్క సాయం చెయ్యండి పిన్నిగారూ," అంది గౌరమ్మతో. "అప్పుడు ఏం చేశారో, ఇప్పుడు నా ఎదురుగా మళ్లీ అదంతా చెయ్యండి. అలవాటుగా ఎలా చేస్తారో అలాగే."

గౌరమ్మ కాళ్లూ చేతులూ కడుక్కుంది. మూకుడు కళ్లకద్దుకుంది. పెసలు పరిచింది. నూతి నీళ్లు చెంబులోకి వంచింది. అలమారలోంచి డబ్బా తీసి, చిటికెడు పసుపు చెంబులో వేసి వేలితో కలిపింది. తర్వాత ఆ నీళ్లు మొలకల మీద చల్లింది.

ఇందుమతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అదేమిటి పిన్నిగారూ? ఆ పసుపు?"

"పసుపేనమ్మా. మా మరలో ఆడిందే, కల్తీ లేదు."

"పసుపు ఎందుకేశారు?"

గౌరమ్మ తెల్లబోయింది. "మూకుట్లో గింజలు మొలకెట్టేటప్పుడు ఉత్త నీళ్లు పోస్తారేటమ్మా? పెళ్లిలో పాలికలకి పసుపు నీళ్లే కదా చల్లుతారు. శుభానికి మొలకెత్తేవి అవి. ఉత్త నీళ్లు పోస్తే అరిష్టం కాదేటి?"

పెళ్లిలో నవధాన్యాలు మొలకెత్తించే మట్టి మూకుళ్లనే పాలికలంటాం. వాటిని అందరూ కళ్లకద్దుకుంటారు. డాక్టరమ్మ తెచ్చిన మూకుళ్లు అచ్చం అలాగే ఉన్నాయి. ఆమె పట్నంలో హాస్టళ్లలో పెరిగిన పిల్ల. పాలికలు చూసి ఉండదు. వీధిలో వాళ్లకు అవి పాలికలుగా తప్ప ఇంకోలా కనిపించలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఎవరినీ అడగలేదు. అచ్చియ్యమ్మ పిన్నిని పిలిచి అడిగితే ఆవిడ చేతులు తిప్పుతూ అంది:

"నేనైతే కాసిన్ని పాలు కూడా కలిపానమ్మా. మరి ఆడపడుచు చేతి మూకుడు కదా!"

ఇందుమతి అరుగు మీద కూర్చుండిపోయింది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. పసుపులో ఏదో గుణం ఉందట. దారం తెగకుండా కొంత అడ్డుకుంటుందట. లేత మొలకను వారం రోజులు కాపాడటానికి ఆ చిటికెడు చాలిందట.

"అయితే పసుపు నీళ్లు తాగితే సరి!" అన్నాడు మా చిన్నారావు ఆశగా.

"మొలకకు వారమే బతుకు, బాబూ," అంది ఆమె. "మనుషులు ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగుతున్నారు. చిటికెడు పసుపు దాని ముందు ఎంత?"

గౌరమ్మ డబ్బా మూత పెట్టబోయి పెట్టలేకపోయింది. ఆమె చూపు హైమ మీద ఉంది. "నా చేతుల్తోనే ఏసీనాను," అంది. "నా చేతుల్తోనే ట్యాంకర్ని ఎనక్కి పంపీనాను."

"నేను ప్లాస్టిక్ డబ్బాల్లో తెచ్చి ఉంటే మీరు పసుపు వేసేవారు కాదు," అంది ఇందుమతి. "మీరు బాధపడకండి. నాకు తెలియాల్సింది."

హైమ వచ్చి అత్తగారి చేతిలోంచి డబ్బా తీసుకుని మూత పెట్టింది. "పద అత్తా, అన్నం పొయ్యి మీద ఉంది," అంది.

*

ఆ వారం వీధిలో అన్ని ఇళ్లలోనూ ఉత్త నీళ్లు చల్లారు. చల్లేటప్పుడు కొందరు లెంపలేసుకున్నారట.

నేను ఇందుమతిని పక్కకు పిలిచి ఒక పిడికెడు పెసలు ఎక్కువ అడిగాను. ఎందుకని అడిగింది. దేవుడి నీళ్లకు అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. రెండు గుప్పిళ్లు ఇచ్చింది.

అభిషేకం చేసిన నీళ్లు, పసుపూ పువ్వూ ఏమీ కలపకుండా, పూజగది గూట్లో పెట్టిన మూకుట్లో రోజూ చల్లాను. చల్లుతూ ఏమని కోరుకున్నానో నాకే తెలియదు. తెల్లగా రావాలని ఒక మనసు. అలా తెల్లగా వస్తే హైమకు జరిగినదానికి నేనేం చెప్పుకోవాలని ఇంకో మనసు.

వీధిలో ప్రతి మూకుడూ ఎర్రబడింది. నా గూట్లోది కూడా.

చాలాసేపు దాని ముందు కూర్చున్నాను. కోపం రాలేదు. ఆయన మీద నేను ఏ నీళ్లు పోస్తే ఆ నీళ్లే కిందికి వచ్చాయి. ఇన్నేళ్లూ అవే నీళ్లు ఆయనా మోశాడు. వీటిని మార్చు స్వామీ అని నేను అడుగుతూ వచ్చాను. నీళ్లు మార్చి తెమ్మని ఆయన నన్ను అడుగుతున్నాడేమో, నాకు వినపడలేదేమో. ఇది సరైన అర్థమో కాదో చెప్పగలిగిన చదువు నాకు లేదు. మర్నాడు ట్యాంకర్ వస్తే, అందరికంటే ముందు చెంబు పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ మొదలైన ట్యాంకర్ అది. రబ్బరు గొట్టం నీళ్లే స్వామీ అని చెప్పి పోశాను.

*

ఎర్ర మూకుళ్లు బయటపడ్డాక మాకు కష్టాలు తగ్గుతాయనుకున్నాం. వేరే రకం కష్టాలు మొదలయ్యాయి.

ఈ పెసల మీద మనిషి రక్తపు చుక్క వేసినా రంగు చెబుతాయని ఎవరో పుట్టించారు. అది అబద్ధం కాదు. ల్యాబులో ఆ ప్రయోగం జరుగుతోందని ఇందుమతే ఒప్పుకుంది. అచ్చియ్యమ్మ పిన్ని మనవరాలికి దాదాపు కుదిరిన సంబంధం, అబ్బాయి తరఫువాళ్లు పిల్ల రక్తంతో మూకుడు పరీక్ష అడగడంతో తప్పిపోయింది. ఇళ్లు అమ్ముకుందామంటే కొనేవాడు లేడు. గెడ్డవానిపాలెం పిల్లలని తెలిస్తే బడిలో పక్కన కూర్చోవద్దన్న తల్లులు కూడా ఉన్నారు. గుట్ట కింద మందపాటి పొర పరిచి ఊట బయటకు పోకుండా చేస్తామని మున్సిపాలిటీ చెప్పింది. కొలతలు తీసుకుని వెళ్లారు. తర్వాత ఇంకొకరు వచ్చి అవే కొలతలు తీసుకున్నారు.

మరకి పసుపు కొమ్ములు ఆడించుకోవడానికి వచ్చే జనం మాత్రం పెరిగారు. గిన్నెలకు గిన్నెలు తాగుతున్నారట. వద్దని చెబితే, అమ్ముకునేవాడివి నీకేం తెలుసు అని నన్నే కసిరారు.

ఒకరోజు ఇందుమతి నన్ను ల్యాబుకు రమ్మంది. మొదటిసారి మా నూతి నీళ్లకు ల్యాబులో ఎర్రబడిన మొలకల్ని ఆమె పారెయ్యలేదు. కుండీల్లో పెంచి కాయించింది. ఆ కాపు గింజల్ని శుద్ధమైన నీళ్లలో మొలకెత్తించింది. భూతద్దం కింద పెట్టి చూడమంది. చెడ్డ నీళ్లు ఎన్నడూ ఎరగని ఆ మొలకల్లో కూడా అక్కడక్కడ ఎర్ర చార ఉంది.

"ఇవి ఏ పాపం చేశాయమ్మా?" అన్నాను.

"తల్లి తాగిన నీళ్లు," అంది. "తప్పు ముడి గింజతో పాటు వస్తుంది."

ఇంట్లో హైమకు అప్పుడు ఆరో నెల.

ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఇంకో వరస చూపించింది. ఆ గింజల గింజలు, వాటి గింజలు. ప్రతి కాపుకీ మంచినీళ్లే పోసింది. వరస చివరికి వచ్చేసరికి ఎర్ర చారలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"పూర్తిగా పోయాయా?"

"పోలేదు. తగ్గాయి. నీళ్లు మారిస్తే తగ్గుతున్నాయి. పెసలు కాబట్టి ఇంత తొందరగా చూడగలిగాను. మనుషుల్లో ఇది చూడ్డానికి మనమెవరం ఉండం." నా ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని అంది: "మీ కోడల్ని అక్కణ్నుంచి తీసుకెళ్లిపోండి, సన్యాసయ్యగారూ. పోయిన రెండూ నీళ్ల వల్లేనని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఈ బిడ్డకి మాత్రం మంచినీళ్లు అందాలి."

ఆమె బల్ల మీద అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా ఉంది. మధ్యాహ్నం దాటిపోయింది. తినమ్మా అన్నాను. తింటానండి అంది గానీ తినలేదు. నేను వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, ఎర్ర వరస ముందు బుగ్గకు చెయ్యి ఆనించి కూర్చుని ఉంది. తను చేసిన గింజ నిజం చెప్పినందుకు సంతోషపడాలో వద్దో తెలియని మనిషిలా ఉంది.

*

కొండ అవతల రైల్వే గేటు దగ్గర ఒక వాటా దొరికింది. ఒక గది, ఒక వసారా. నుయ్యి లేదు. ఎక్కడో దూరపు జలాశయం నుంచి వచ్చే కుళాయి ఉంది. ఇందుమతి ఆ నీళ్లలో పెసలు మొలకెత్తించి చూసి సరేనంది. ఈసారి గౌరమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని, పసుపు డబ్బా పక్కింట్లో పెట్టించి మరీ చూసింది.

మర మాత్రం పాలెంలోనే ఉంది కాబట్టి నేను రోజూ కొండ చుట్టి వెళ్లేవాణ్ణి. అచ్చియ్యమ్మ పిన్నిని కూడా రమ్మన్నాను.

"ఈ వయసులో నా దారాలు తెగితే నాకేటి, ముడిపడితే నాకేటి!" అంది. "ఈ నూతి పక్కనే మీ చిన్నాయన్ని సాగనంపాను. ట్యాంకర్ వచ్చిన నాడు తాగుతాను, రానినాడు నూతివి తాగుతాను. నువ్వు ముందు ఆ కోడలు గుంటని కాపాడుకో."

హైమకు నెలలు నిండాయి. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తక్కువ బరువు. కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచారు. వేళ్లు లెక్కపెట్టాం. పెదవి చూశాం. గుండె చప్పుడు విని పెద్ద డాక్టరు తలూపాడు. గౌరమ్మ అప్పటిదాకా బిగపట్టిన ఏడుపు అప్పుడు ఏడ్చింది.

ఇందుమతి చూడ్డానికి వచ్చింది. పాప అరికాలు ముట్టుకుంది. సంచిలోంచి సూది తీసి హైమతో అంది:

"ఒక్క చుక్క రక్తం ఇస్తే పెసల మీద చూస్తాను. ఎవరికీ చెప్పను. నీకు మాత్రం తెలుస్తుంది. నీ ఇష్టం."

నాకు తెలుసుకోవాలని ఉంది. ఇన్నేళ్లూ నీళ్లను అనుమానిస్తూ బతికినవాణ్ణి కదా. చిన్నారావు భార్య మొహంలోకి చూశాడు.

"ఎర్రగా వస్తే ఏం చెయ్యాలి మేడమ్?" అంది హైమ. "మందుందా?"

"ఇప్పుడైతే లేదు."

"తెల్లగా వస్తే ఇంకెక్కువ ప్రేమగా చూసుకోవాలా?"

ఇందుమతి తన చేతిలోని సూదికేసి చూసుకుంది.

"పిల్లకి పాలు పడుతున్నాయి. నిద్దరపోతంది. చూస్తే చాలదా మేడమ్? మంచినీళ్లు ఎక్కడుంటే అక్కడికి తీసుకుపోతాను. అది నా చేతిలో ఉంది. మిగతాది వద్దు." పాప నోటి దగ్గర కారిన పాలు కొంగుతో తుడిచింది. "ఎవరైనా దీన్ని పెళ్లికి మూకుడు అడిగితే, ముందు మీ ఊరి నీళ్లు చూపించమని అడుగుతాను."

ఇందుమతి నవ్వింది. నేను ఆమె నవ్వడం చూడటం అదే మొదలు. సంచిలోంచి తీసిన సూదిని మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

నా అనుమానం ఆ గదిలోనే వదిలేశానని చెప్పలేను. పాప తుమ్మినా ఉలిక్కిపడతాను. కానీ అడగకుండా ఉండటం కూడా ఒక రకం నమ్మకమేనేమో అని మా కోడల్ని చూశాక అనిపిస్తోంది.

*

పురిటి మైల తీరాక బాలింత తొలిసారి నూతిలో చేద వేసి నీళ్లు తోడాలి. నూతికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టి తోడుతుంది. మా కొత్త వాటాలో నుయ్యి లేదు. గౌరమ్మ రెండు రోజులు మథనపడి, చివరికి కుళాయి పైపుకే పసుపు రాసి బొట్టు పెట్టింది. కుళాయి కోసం వరసలో నిలబడ్డ ఇరుగుపొరుగు కిసకిసా నవ్వుకున్నారు. హైమ కూడా నవ్వుతూనే దండం పెట్టింది. కుళాయి తిప్పింది. ఇత్తడి బిందె నిండింది.

"తొలి బిందె దేవుడి దగ్గర పెట్టండి," అంది గౌరమ్మ.

"దేవుడికి రెండోది," అన్నాను. "ఇది ఒకరికి ఇవ్వాల్సి ఉంది."

గౌరమ్మకు వెంటనే అర్థమైంది. బిందె మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. చిన్నారావు బండి మీద వెనక కూర్చుని, బిందె ఒళ్లో పెట్టుకుని కొండ చుట్టూ తిరిగి వెళ్లాను. గుట్ట మీద లారీలు ఎప్పటిలాగే వరసగా ఎక్కుతున్నాయి. గతుకులకు నీళ్లు తొణికి పంచె తడిసింది.

అచ్చియ్యమ్మ పిన్ని వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. బిందె ఆవిడ గడప లోపల పెట్టాను. ఆవిడ బిందెకేసి, నాకేసి చూసింది.

"ఇన్నేళ్లకి గుర్తొచ్చిందేట్రా సన్నాసీ?"

"గుర్తు లేక కాదు పిన్నీ. నీళ్లు లేక."

"పిల్లేలాగుంది?"

"తాగుతోంది, పడుకుంటోంది."

ఆవిడ గుడ్డ విప్పి, బిందెలోకి వంగి చూసింది. పక్కనున్న గ్లాసు ముంచింది. వెలుగుకు ఎత్తి పట్టుకుంది. కళ్లు చిట్లించి అడుగుదాకా చూసింది.

"పసుపేసావేటి?"

"లేదు పిన్నీ. ఉత్త నీళ్లే."

పిన్ని గ్లాసు దించకుండా తాగింది. మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు మళ్లీ బిందెలో ముంచింది.